ఇన్‌వర్డ్ నంబరు లేని మనిషి

ఇరవై తొమ్మిదేళ్లుగా తాను చేస్తున్న ఉద్యోగానికే మా ఆయన మొన్న మార్చిలో దరఖాస్తు పెట్టుకున్నారు.

ఉద్యోగం పోయి కాదు. ఉంది. ఆ కుర్చీలోనే కూర్చుని, ఆ కుర్చీ తనకెందుకివ్వాలో వివరంగా రాయమన్నారు. ఎందుకివ్వాలో ఆయనకి తెలీదు. ఇరవై తొమ్మిదేళ్లలో ఎవరూ అడగలేదు కాబట్టి ఆలోచించాల్సిన పనీ పడలేదు.

మా ఆయన పేరు దక్షిణామూర్తి. ఏలూరులో రాష్ట్ర గోనె సంచుల అభివృద్ధి సంస్థ అని ఒకటుంది, అందులో ఇన్‌వర్డ్ సెక్షన్. గోనె సంచి అభివృద్ధి చెందితే ఏమవుతుందని పెళ్లైన కొత్తలో ఒకసారి అడిగాను. "అది అభివృద్ధి సెక్షన్ వాళ్ల సబ్జెక్టు" అన్నారు. మళ్లీ అడగలేదు.

ఇన్‌వర్డ్ అంటే మరేం లేదు. ఆఫీసుకి టపాలో వచ్చిన ప్రతి కాగితం మీదా తేదీ ముద్ర కొట్టి, నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కించి, సంబంధిత సీటుకి పంపించడం. వినడానికి చిన్న పనే. కానీ ఆ సంస్థలో ఒక సిద్ధాంతం ఉంది. ఇన్‌వర్డ్ నంబరు పడని కాగితం లేనట్టే లెక్క. ఒకసారి గాలివానకి గోడౌను పైకప్పు ఎగిరిపోయింది. ఆ సంగతి తెలిపే ఉత్తరం పదకొండు రోజులు పోస్టాఫీసులోనే చిక్కుకుపోయింది. ఆ పదకొండు రోజులూ పైకప్పు ఉన్నట్టే ఆఫీసు నడిచింది. దానికి సున్నం వేయించే ఫైలు కూడా కదిలిందట.

ఈ అలవాటు ఆయనతో పాటు ఇంటికీ వచ్చింది. గ్యాస్ అయిపోయిందని నోటితో చెబితే ఆయనకి వినపడదు. చీటీ మీద రాసిస్తే చదివి, పైన తేదీ వేసి, "చూద్దాం" అంటారు. మా పెళ్లికి ముందు మామగారు ఆఫీసుకి ఒక శుభలేఖ పోస్టులో పంపించారు. పెళ్లికొడుకే దాని మీద ముద్ర కొట్టి, 412 నంబరు వేసి, పైవాళ్లకి పెట్టాడు. ఆ తర్వాతే సెలవు తీసుకుని పీటల మీద కూర్చున్నాడు. నేను కాపరానికి వచ్చిన మూడో రోజున ఈ సంగతి ఎంతో గర్వంగా చెప్పారు, నగ చేయించానని చెప్పినట్టు.

ఇక ఆ ముద్ర సంగతి. అది పాతకాలపు రబ్బరు స్టాంపు. తేదీ, నెల, సంవత్సరం చిన్న చక్రాల మీద తిరుగుతాయి. అందులో సంవత్సరాలు 2023తో అయిపోయాయి. కొత్త స్టాంపు కావాలని పెట్టిన అర్జీ రెండేళ్లుగా పరిశీలనలో ఉంది. అందుకని ఆయన నా హెయిర్‌పిన్ను ఒకటి తీసుకెళ్లి, ఆ చక్రంలో ఒక పద్ధతిగా దోపి, చివరి అంకె పడకుండా ఆపి, ఆ ఖాళీలో పెన్నుతో అయిదు వేస్తారు. పిన్ను తీసేస్తే చక్రాలు వాటి ఇష్టం. ప్రభుత్వం వారి ఒక సంస్థ కాలమానమంతా నా జడలోంచి తీసిన పిన్ను మీద నడుస్తోందని నేనెవరితోనూ అనలేదు.

ఇలా ఉండగా కొత్త మేనేజింగ్ డైరెక్టరు వచ్చారు. ముప్ఫై ఒక్కేళ్లు. ఏదో కొండ మీద రిసార్టులో మూడు రోజుల నాయకత్వ శిక్షణకి వెళ్లి, నాలుగో రోజు సర్క్యులర్ తీశారు. మా ఆయన దాన్ని ఇంటికి తెచ్చి చదివి వినిపించారు.

"ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికి తెలియజేయడమేమనగా, ఒకే సంస్థలో దీర్ఘకాలం పనిచేయుట వలన ఉద్యోగులలో ఏర్పడు స్థానిక ఘనీభవనమును తొలగించు నిమిత్తము, ప్రతి ఉద్యోగియు తాను ప్రస్తుతము నిర్వహించుచున్న సీటునకు తాజాగా సి.వి. సమర్పించి, తన అర్హతను నిరూపించుకొనవలెను. అరవై మార్కులు రానివారు సామర్థ్య పునరుజ్జీవన కేంద్రమునకు పంపబడుదురు."

"ఆ కేంద్రం ఎక్కడుందండీ?"

"పాత గోడౌను. పైకప్పు ఎగిరిపోయిందే, అది."

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆయనకి ఆయాసం ఉంది. జనపనార దుమ్ము పడదు. ఆ గోడౌనులో ఓసారి తనిఖీకని అరగంట నిలబడినందుకు మూడు రోజులు ఆవిరి పట్టించాను. పదవీ విరమణకి ఇంకా మూడేళ్లుంది. మూడు రోజులకీ మూడేళ్లకీ తేడా నేను డిగ్రీ చదివినదాన్ని కాబట్టి వెంటనే తెలిసింది.

"రాయండి మరి. ఎంతసేపు!" అన్నాను.

ఆదివారం పొద్దున్న కూర్చుని రాశారు. మధ్యాహ్నానికి తెచ్చి చూపించారు. ఇలా ఉంది:

పని: ఇన్‌వర్డ్. బాధ్యతలు: ఇన్‌వర్డ్ చేయుట. సాధించిన విజయాలు: ఇన్‌వర్డ్ చేసితిని. భవిష్యత్ లక్ష్యం: రేపటి టపా.

"ఇదేమిటండీ?"

"అబద్ధం ఒక్క ముక్క లేదు చూసుకో."

సి.వి.లు దిద్దడానికి హైదరాబాదు నుంచి ఓ ప్రతిభాన్వేషణ సంస్థని పెట్టారు. వాళ్లు 'ప్రభావవంతమైన సి.వి.కి పన్నెండు సూత్రాలు' అని ఓ పుస్తకం పంచారు. నేను కందిపప్పు కుక్కర్లో పెట్టి, దాన్ని చదివాను. మూడో సూత్రం ప్రకారం చేసినవన్నీ ఉద్ధృతమైన క్రియలతో చెప్పాలట. నడిపించాను, రూపుదిద్దాను, పరివర్తన తెచ్చాను, అలా.

"మీరు దేనినైనా నడిపించారా?"

"సైకిలు."

"పరివర్తన?"

"ఓసారి ప్యాడ్‌లో వంగరంగు సిరా అయిపోతే నల్ల సిరా వాడాను. మెమో ఇచ్చారు."

అది వదిలేసి నేనే రాశాను. 'రోజుకు సగటున నూట యాభై పత్రాలకు అస్తిత్వం ప్రసాదించాను' అన్నాను. 'సంస్థలోకి ప్రవేశించే సమస్త సమాచారానికీ సింహద్వారంగా నిలిచాను' అన్నాను. ఆయన ప్రతి వాక్యానికీ తల అడ్డంగా ఊపుతూ, ఇంకోడి జాతకం చదువుతున్నట్టు వింటూ కూర్చున్నారు.

మొదటిసారి నమూనా మూల్యాంకనం. ఇరవై రెండు మార్కులు వచ్చాయి. పేపర్లు దిద్దిన అమ్మాయి పేరు ఇషిక. మెడలో తాడుకి గుర్తింపు కార్డు, చేతిలో టాబ్లెట్టు. మా ఆయన్ని పిలిచి జాలిగా చెప్పిందట.

"మూర్తి గారూ, మీ సి.వి.లో జర్నీ కనిపించట్లేదండీ."

"మాది లోకలేనండి. నడిచే వస్తాను."

"అది కాదండీ. సంస్థల వైవిధ్యం అనే అంశంలో మీకు సున్నా. అరవై మార్కులు దానికే. ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్కసారైనా సంస్థ మారలేదా?"

"మారాలని తెలీదండి."

ఈ సంభాషణ నాకు చెప్పింది అటెండరు ఏసుపాదం. మా ఆయనా, అతనూ ఒకే ఏడు చేరారు. ఏసుపాదానికి పద్నాలుగే వచ్చాయి.

"అమ్మగారూ, ఈ వయసులో నేనా గోడౌనుకి పోతే టీ ఎవరికివ్వాలండీ? ఎలకలకా?" అన్నాడు మా వరండాలో కూర్చుని. "ఇరవై తొమ్మిదేళ్లు ఒకే సంస్థలో ఉన్నామని తిడుతున్నారు. సంస్థే నాలుగు పేర్లు మార్చింది. మేం దాన్నేమన్నా అన్నామా?"

నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

నిజమే కదా. మా ఆయన చేరినప్పుడు అది రాష్ట్ర గోనె సంచుల బోర్డు. తర్వాత కార్పొరేషన్ చేశారు. ఆ తర్వాతెవరికో ఉత్సాహం వచ్చి, మిషన్ అన్నారు. చివరికి అభివృద్ధి సంస్థ అయింది. ప్రతిసారీ బోర్డు రంగు, రబ్బరు ముద్ర, లెటర్‌హెడ్డూ మారాయి. మారనిది మా ఆయనా, ఆయన కుర్చీలో దిండూ.

ఆ సాయంత్రమే సి.వి. తిరగరాశాను. నాలుగు సంస్థలు, నాలుగు అనుభవాలు. పుస్తకంలో ఎనిమిదో సూత్రం కింద ఒక ప్రశ్న ఉంది, 'పూర్వపు సంస్థను ఎందుకు విడిచిపెట్టారు?' దానికి మూడుసార్లూ ఒకే జవాబు రాశాను: 'నేను విడిచిపెట్టలేదు. ఉదయం వెళ్లి చూసేసరికి వారే వెళ్లిపోయి ఉన్నారు.'

డెబ్బై ఎనిమిది మార్కులు వచ్చాయి.

మర్నాటి నుంచి మా వరండా ఇంకో సెక్షనైంది. డ్రైవరు వచ్చాడు, టైపిస్టు వచ్చింది, ఆఖరికి సూపరింటెండెంట్ చిదంబరం గారు కూడా, ముందు ఇటుగా వెళ్తున్నానని, తర్వాత మంచినీళ్లు కావాలని వచ్చి, తర్వాత జేబులోంచి కాగితం తీశారు. నేను కూరగాయలు తరుగుతూ చెప్పడం, వాళ్లు రాసుకోవడం. ఏసుపాదానికి 'నాలుగు సంస్థలలో ద్రవ వనరులను సకాలంలో, తొణక్కుండా పంపిణీ చేసితిని' అని రాశాను. ఆ తొణక్కుండా అన్నమాట తనకే నచ్చి రెండుసార్లు రాయించుకున్నాడు. ఎనభై అయిదు వచ్చాయి. ఆఫీసంతటికీ అరవై దాటాయి.

అందరూ గట్టెక్కేసరికి ఎం.డి. గారికి అనుమానం వచ్చింది. పథకం ఫలిస్తే కొంతమందైనా మునగాలి కదా. రెండో సర్క్యులర్ వచ్చింది.

"నమూనా మూల్యాంకనములో, ఈ కార్యాలయ సిబ్బంది యావన్మందియు ఆందోళనకరమగు స్థాయిలో సంస్థలు మారుచున్నట్లు వెల్లడైనది. ఇట్టి చంచల స్వభావులను సంస్థ విశ్వసింపజాలదు. కావున మారిన ప్రతి సంస్థకును పదిహేను మార్కులు తగ్గింపబడును."

మా ఆయన సర్క్యులర్ మడిచి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "వకుళా, మొన్న కదలనందుకు తప్పన్నారు. ఇప్పుడు కదిలానని తప్పంటున్నారు. నేను అసలు కుర్చీలోంచి లేవలేదే!"

డెబ్బై ఎనిమిదిలో మూడు పదిహేన్లు పోతే ముప్ఫై మూడు. నేను లోపలికి వెళ్లి, ఆవిరి పట్టే గిన్నె ఎక్కడుందో చూసి వచ్చాను.

ఆ సర్క్యులర్‌లోనే ఇంకో రెండు షరతులున్నాయి. ఒకటి, ఇవన్నీ నమూనాలే కనుక, అసలు దరఖాస్తు తాజాగా టపాలో పంపాలి. ఇంటర్వ్యూ మార్చి ఇరవై ఎనిమిదిన. అభ్యర్థులకి బయటి సంస్థల పూచీదారులు ఎవరూ లేరు కనుక జీవిత భాగస్వామి వచ్చి గుణగణాలు ధ్రువీకరించాలి. రెండోది అసలైనది: 'ఒక సీటుకు అభ్యర్థిగా ఉన్న వ్యక్తి ఆ సీటులో కూర్చుండుట ప్రయోజన వైరుధ్యము. కావున ఇంటర్వ్యూ ముగియు వరకు ఏ అభ్యర్థియు ఏ సీటును తాకరాదు.'

అభ్యర్థులంటే ఆఫీసంతా. కాబట్టి మర్నాటి నుంచి ఆఫీసంతా వరండా బెంచీల మీద సందర్శకుల చీటీలు మెడలో వేసుకుని కూర్చుంది. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కింద మనిషి లేడు. రోజూ పదింటికి పోస్టుమాన్ వచ్చి, టపా కట్ట మా ఆయన ఖాళీ బల్ల మీద పడేసి వెళ్తున్నాడు. మా ఆయన వరండాలోంచి కిటికీ గుండా ఆ కట్టని చూస్తూ, చంటిపిల్ల ఏడుస్తుంటే ఎత్తుకునే వీల్లేని తల్లిలా చేతులు నలుపుకుంటున్నారట. ఏసుపాదం చెప్పాడు.

ఇరవై ఎనిమిదో తారీఖు మధ్యాహ్నం నేను మంచి చీర కట్టుకుని వెళ్లాను. ఇషిక నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, టాబ్లెట్టు చూస్తూ అడిగింది.

"మేడమ్, మీవారి ముఖ్యమైన బలహీనత ఏమిటండీ?"

"చెబితే వినరమ్మా. రాసిస్తే వింటారు."

"గ్రేట్. డాక్యుమెంటేషన్ ఓరియంటెడ్" అని టైపు చేసుకుంది. "ఆయన టీమ్ ప్లేయరేనాండీ?"

"చతుర్ముఖం కూడా రాదమ్మా. పేకముక్క ముట్టుకోరు."

"అయిదేళ్ల తర్వాత ఆయన్ని మీరు ఎక్కడ చూస్తున్నారు?"

"వరండాలో. పేపరు అడ్డంగా ఉంటుంది, పూర్తిగా కనిపించరు."

ఆ అమ్మాయి ఇంకేదో అడగబోతుండగా ఎం.డి. గారి గదిలోంచి పెద్ద కేక వినిపించింది. మేమంతా అటు పరిగెత్తాం.

గదిలో ఎం.డి. గారి కుర్చీకి ఎదురుగా, ఇస్త్రీ చేసిన నేత చీరలో ఒక పెద్దావిడ కూర్చుని ఉన్నారు. పక్కన సూట్‌కేసు. "నేను కొత్త ఎం.డి.ని. చార్జి తీసుకోవడానికి వచ్చాను. మీ ఢిల్లీ పోస్టింగు ఉత్తర్వులూ, నా నియామకం ఉత్తర్వులూ ఒకే కవర్లో వారం కిందటే పంపించారటగా" అంటున్నారు.

ఎం.డి. గారి మొహం వెలిగిపోయింది. ఆ ఢిల్లీ పోస్టు కోసం ఆయన ఆర్నెల్లుగా ఎన్ని ప్రదక్షిణాలు చేశారో! "ఈ రోజు అయిదింటిలోగా రిలీవ్ కావాలి. లేకపోతే జాబితాలో తర్వాతివాళ్లకి ఇచ్చేస్తారట. ఆ కవరేదీ?" అన్నారు.

ఏసుపాదం కిటికీలోంచి వేలు చూపించాడు. కవరు మా ఆయన బల్ల మీద, కట్టలో పైనుంచి నాలుగోది. టైము నాలుగు.

ఎం.డి. గారు స్వయంగా వెళ్లి కవరు చింపి తెచ్చి, "ఇదిగో ఉత్తర్వు. చిదంబరం గారూ, నన్ను రిలీవ్ చేస్తున్నట్టు రాయండి" అన్నారు.

చిదంబరం గారు మెడలోని సందర్శకుల చీటీ సవరించుకుని, కాగితాన్ని తాకకుండా దూరం నుంచే చూశారు. "ఇన్‌వర్డ్ కాలేదు సార్. ఇన్‌వర్డ్ కాని ఉత్తర్వు మనకి అందనట్టే. అందని ఉత్తర్వు మీద రిలీవైతే, మీరు విధుల నుంచి పారిపోయినట్టు ఆడిట్ వారు రాస్తారు."

"అయితే నేనే ఇన్‌వర్డ్ చేస్తాను!"

ఆ మాటకి వరండాలో ఎవరో ఊపిరి బిగపట్టారు. చూస్తే మా ఆయనే.

ఎం.డి. గారు స్టాంపు పట్టుకుని తెల్లకాగితం మీద ముందు ఒకటి కొట్టి చూశారు. ఫిబ్రవరి 30, 2013 అని పడింది. ఇంకోటి కొట్టారు. ఈసారి తలకిందులుగా పడింది.

"2013లో నేను ఇంజినీరింగ్ రెండో సంవత్సరం!"

"అప్పుడే మీకు ఢిల్లీ పోస్టింగు వచ్చిందంటే ఎవరూ నమ్మరు సార్" అన్నారు చిదంబరం గారు విచారంగా.

ఎం.డి. గారు స్టాంపు వదిలేసి వరండాలోకి వచ్చారు. "మూర్తి గారూ, రండి, కూర్చోండి. కొట్టండి."

మా ఆయన లేచి నిలబడి, చేతులు కట్టుకున్నారు. "నేను అభ్యర్థినండి. ఆ సీటు ముట్టుకుంటే ప్రయోజన వైరుధ్యం. తమరి సర్క్యులర్, రెండో పేరా."

"ఆ సర్క్యులర్ రద్దు చేస్తున్నాను!"

"రద్దు ఉత్తర్వుకి అవుట్‌వర్డ్ నంబరు కావాలి సార్" అన్నారు చిదంబరం గారు. "అవుట్‌వర్డ్ సీటు కూడా ఖాళీయే."

"అయితే ఈయన్ని ఇప్పుడే ఆ సీట్లో నియమిస్తున్నాను."

"నియమించాలంటే అర్జీ ఉండాలి కదా సార్. మూర్తి గారు అర్జీ టపాలో పంపించారు. అదీ ఆ కట్టలోనే ఉంది. నంబరు పడలేదు. నంబరు పడాలంటే ఆయన సీట్లో ఉండాలి. సీట్లో ఉండాలంటే..." అని చిదంబరం గారు వేలుతో గాల్లో గుండ్రంగా ఒక సున్న గీసి చూపించారు. ఇషిక ఆ సున్నని టాబ్లెట్టులో ఎక్కించుకోబోయి మానేసింది.

నాలుగూ ఇరవై. ఎం.డి. గారు టై వదులు చేసుకున్నారు. కొత్త ఎం.డి. గారు సూట్‌కేసు మీద చెయ్యి పెట్టుకుని, ఈ ఆఫీసుకి రావడం తప్పదా అన్నట్టు కిటికీలోంచి చూస్తున్నారు. మా ఆయన మొహం చూశాను. ఇప్పుడు పని కాకపోతే ఆగిన ఇంటర్వ్యూ మళ్లీ మొదలవుతుంది, ముప్ఫై మూడు మార్కులుంటాయి, ఆ తర్వాత గోడౌను ఉంటుంది.

నాకు కాపరానికి వచ్చిన మూడో రోజు గుర్తొచ్చింది.

"చిదంబరం గారూ, ఈయన గురించిన కాగితం ఏదైనా సరే, ఇన్‌వర్డ్ నంబరు ఉంటే చాలునా?"

"ఉంటే చాలునమ్మా. కానీ ఉద్యోగి గురించి ఎవరు రాస్తారు?"

"మా మామగారు రాశారండి. 1997, నంబరు 412."

ఏసుపాదం అప్పటికే రికార్డు గదిలోకి దూరాడు. ఆ ఏటి 'చర్య తీసుకోవలసినవి' కట్ట విప్పాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఎవరూ ఏ చర్యా తీసుకోకపోవడం వల్ల అది భద్రంగా ఉంది. దుమ్ము దులిపి తెచ్చాడు. మా ఆయన దగ్గారు. పసుపు రాసిన అంచులతో మా శుభలేఖ. మూలన వంకాయరంగు ముద్ర, 412.

చిదంబరం గారు గొంతు సవరించుకుని చదివారు. "చిరంజీవి దక్షిణామూర్తి, బి.కాం., ఇన్‌వర్డ్ అసిస్టెంట్, రాష్ట్ర గోనె సంచుల బోర్డు, ఏలూరు. పేరుంది, చదువుంది, హోదా ఉంది, సంస్థ ఒక్కటే ఉంది. స్థిరత్వానికి లోపం లేదు." కింది వరుసకి వచ్చారు. "చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి వకుళ, బి.ఏ. తామెల్లరు సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి వధూవరులను ఆశీర్వదించ ప్రార్థన. సార్, సి.వి. అంటే ఇదీ. క్లుప్తంగా ఉంది, ఏం కావాలో స్పష్టంగా అడిగారు."

ఇషిక అది తీసుకుని వెనకా ముందూ చూసింది. "ఒక్క పేజీలో! పైగా పసుపు. చాలా ఆర్గానిక్‌గా ఉందండీ" అంది.

"ఇన్‌వర్డ్ అయిన కాగితం మీద తమరు రెండు ముక్కలు రాస్తే దానికి అవుట్‌వర్డ్ నంబరు అక్కర్లేదు సార్" అన్నారు చిదంబరం గారు.

ఎం.డి. గారు పెన్ను తీశారు. "ఏమని రాయను?"

"అర్జీలో కోరింది ఆశీర్వాదం సార్. అదే మంజూరు చేయాలి."

"సరే. వరుణ్ణి ఆశీర్వదించడమైనది..."

"అది కుదరదు సార్. వధూవరులని అడిగారు. ఒక్కరికే ఇస్తే పాక్షిక మంజూరు. పాక్షిక మంజూరుకి కారణాలు రాయాలి. టైము నాలుగూ ముప్ఫై అయిదు."

ఎం.డి. గారు పళ్లు బిగించి రాశారు: 'కోరిన విధముగా ఇరువురినీ ఆశీర్వదించడమైనది. తక్షణమే విధులలో చేరవలెను.' కింద సంతకం.

మా ఆయన మెడలోంచి సందర్శకుల చీటీ తీసి మడిచి ఏసుపాదానికిచ్చారు. లోపలికి వెళ్లి, దిండు సర్దుకుని కూర్చున్నారు. జేబులోంచి నా హెయిర్‌పిన్ను తీసి, చక్రంలో దోపి, ప్యాడు మీద రెండుసార్లు అద్ది, కొట్టారు. తేదీ పడింది. అయిదు వేశారు. నంబరు వేశారు. రిజిస్టరులో ఎక్కించి, ఉత్తర్వు మీద ఒకసారి మెల్లగా ఊది, ఎం.డి. గారికి అందించారు. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. ఆయన ఎవరివంకా చూడలేదు. కట్టలోంచి తర్వాతి కవరు తీసుకున్నారు.

పాత ఎం.డి. గారు అయిదింటికి రెండు నిమిషాల ముందు మెట్లు దిగారు. కొత్తావిడ కూర్చోగానే చేసిన మొదటి పని, ఎవరి సీట్లలో వాళ్లని కూర్చోమనడం. రెండోది, ఏసుపాదాన్ని టీ తెమ్మనడం. తొణక్కుండానే తెచ్చాడు. పునరుజ్జీవన కేంద్రం ఎత్తేశారు. పైకప్పు సంగతి ఇంకా పరిశీలనలో ఉంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. మొన్న శుక్రవారం నా పేర రిజిస్టరు పోస్టులో ఒక కవరు వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నాను. ఆడిట్ వారి నుంచి.

"శ్రీమతి వకుళ, బి.ఏ. వారికి. 412 నంబరు అర్జీపై జరిగిన ఎండార్స్‌మెంటు ప్రకారము తాము మార్చి ఇరవై ఎనిమిదిన విధులలో చేరవలసి యుండగా, నేటి వరకు ఒక్క రోజైనను హాజరు కాలేదని రికార్డుల పరిశీలనలో తేలినది. అంతియే గాక, సదరు అర్జీ తేదీని బట్టి చూడ, ఇరవై ఎనిమిదేళ్ల గైర్హాజరుకు సంజాయిషీ ఏడు దినములలో సమర్పించవలెను. సంజాయిషీతో పాటు తాజా సి.వి. జతపరచవలెను."

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చాక చూపించాను. రెండుసార్లు చదివి, మొహం తుడుచుకున్నారు.

"కంగారు పడకు వకుళా. సి.వి. రాయడం నీకు చేతకానిదా? ఏం రాస్తావో రాయి. ముందు దీన్ని పద్ధతిగా ఇన్‌వర్డ్ చేద్దాం." అప్పుడే జేబులు తడుముకోవడం మొదలుపెట్టారు. "నా పిన్నేదీ?"

నేను పొయ్యి మీద చారు దింపి, జడ ముడి వేసుకుని, ఆ పిన్నునే గట్టిగా దోపుకున్నాను.

"చూద్దాం" అన్నాను.